ఆకు ముందు, దుంప తరువాత

బీట్రూటు కొనునపుడు అంగడివాడు ఆకును తెగగోసి దుంపను మాత్రమే తూచి ఇచ్చుట మనకు అలవాటైన సంగతి. ఆ ఆకు పశువుల పాలో, చెత్తకుప్ప పాలో అగుచున్నది. ఇందువలన బీట్రూటు అనగా దుంపయే అనియు, ఆకు దానికి తోకవంటిది అనియు మనము తలచుచున్నాము. చరిత్ర చెప్పునది దీనికి విరుద్ధము. మానవుడు ఈ మొక్కను మొదట చేరదీసినది ఆకు కొరకు. దుంప చాల ఆలస్యముగా వచ్చిన చుట్టము.

ఈ మొక్కకు పుట్టినిల్లు సముద్రతీరము. మధ్యధరా సముద్రపు ఒడ్డునను, పశ్చిమ ఐరోపా తీరమునను ఉప్పుగాలిని సహించి పెరుగు అడవిబీటు నేటికిని కలదు. దాని ఆకు దళసరిగా మెరయుచుండును. వేరు మాత్రము గట్టిగా, పీచుతో కూడి వంటకు అంతగా పనికిరానిదై యుండును. తీరవాసులు ఆ ఆకును కోసి వండుకొనిరి; పిదప పెరటిలో పెంచుకొనిరి. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున జన్మించిన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్ర గ్రంథమున తెల్లబీటు, నల్లబీటు అను రెండు తెగలను పేర్కొనెను.

రోమనులు దీనిని ‘బీటా’ అని పిలిచిరి. అపీసియస్ పేరిట నిలిచిన పాకశాస్త్ర గ్రంథమున ఉడికించిన బీటును ఆవాలతోను, కొద్దిపాటి నూనెతోను, సిర్కాతోను వడ్డింపవలెనని చెప్పబడినది. అయినను ధనికుల పంక్తిలో దీనికి గౌరవము తక్కువ. క్రీ. శ. 1వ శతాబ్దపు కవి మార్షియల్ దీనిని చేతిపనివారి మధ్యాహ్న భోజనమని చెప్పి, చప్పిడి కూరయని హాస్యమాడి, దీనికి రుచి పుట్టింపవలెనన్న వంటవాడు మాటిమాటికి ద్రాక్షసారాయమును, మిరియములను అడుగునని వ్రాసెను. ఆ మిరియములు మన మలబారు తీరమునుండి ఓడలపై రోమునకు పోవుచుండినవే! చక్రవర్తి అగస్టస్ నీరసించి వాలిపోవుటకు ‘బీటువలె అగుట’ అను అర్థము గల మాటను వాడెడివాడని అతని చరిత్రకారుడు స్యూటోనియస్ తెలిపెను. ఉడికిన ఆకు మెత్తబడి వ్రేలాడుటయే ఆ మాటకు మూలము కాబోలు.

క్రీ. శ. 800 ప్రాంతమున షార్లమేన్ చక్రవర్తి కాలపు రాజక్షేత్రముల శాసనమున పెంపదగిన మొక్కల పట్టికలో బీటు చేరినది. లావైన ఎర్రదుంప గల తెగ ఐరోపా మూలికాగ్రంథములలో ప్రసిద్ధికి వచ్చినది 16వ శతాబ్దమున మాత్రమే. పిమ్మట 1747లో బెర్లిను రసాయన శాస్త్రజ్ఞుడు మార్గ్రాఫ్ బీటులోని చక్కెర చెరకు చక్కెరతో సమానమని నిరూపించెను. అతని శిష్యుడు అఖార్డ్ సైలీషియాలో తొలి బీటు చక్కెర కర్మాగారమును స్థాపించెను. ఆంగ్లేయులతోడి యుద్ధమువలన చెరకు చక్కెర కరవు కాగా 1811లో నెపోలియన్ ఈ పంటను విరివిగా వేయవలెనని ఆజ్ఞ యొసగెను. చక్కెరబీటు వేరు తెగయే యైనను, ఈ వంశమంతటికిని దుంపవలననే పేరు వచ్చెను. ఆకు వెనుకబడెను.

అయినను తోటవాండ్రు ఆకును పూర్తిగా విడువలేదు. అందుకు మొక్క స్వభావమే కారణము. మనము బీటు విత్తనమని నాటునది సామాన్యముగా ఒక్క విత్తు కాదు. కొన్ని విత్తులు కలిసి గట్టిపడిన గుత్తి. ఒక్కచోట మూడు నాలుగు మొలకలు వచ్చును. కొన్నిటిని పెరికివేయనిదే దుంప ఊరదు. పెరికిన లేతమొక్కలను ఆకుతో, కాడతో, చిన్నదుంపతో సహా వండుకొనుట తెలివిగల గృహిణుల పద్ధతి. పోలెండు దేశస్థులు లేత బీటును ఆకులతో కలిపి ‘బోత్వీన్కా’ అను చారు కాచుదురు. గ్రీసు దేశమున దుంపను, ఆకును కలిపి ఉడికించి నూనెతోను, వెల్లుల్లి ముద్దతోను తినుట నేటికిని వాడుక.

మనకు ఈ ఆకు క్రొత్తదియా? కాదు. మన మైదానములలో విరివిగా పండు పాలకూర వృక్షశాస్త్రము ననుసరించి బీటు జాతిలోనిదే. బెంగాలెన్సిస్ అను భేదము. విలాయతి పాలకూర యనబడునది వేరు జాతి. కావున పాలకూర పప్పు తినుచు బీట్రూటు ఆకును పారవేయువారు చెల్లెలిని ఆదరించి అక్కను గెంటివేయువారితో సమానులు.

వండు విధము కష్టమైనది కాదు. నిమ్మకాయంత లేతదుంపలను ఏరి, రెండంగుళముల కాడ నిలిపి ఆకును కోయవలెను. తొక్కను, వేరుకొనను ముట్టక ఉడికించినచో రంగు నీటిపాలు కాదు. చల్లారిన పిదప తొక్క చేతితోనే ఊడివచ్చును. కొంచెము చింతపులుసు చేర్చినచో ఎరుపు నిలుచును. ఆకును ఇసుక పోవునట్లు మూడు నాలుగు నీళ్లలో కడిగి, కాడలను ముందుగా మగ్గనిచ్చి పిదప ఆకును వేయవలెను. కందిపప్పుతో ఉడికించినను, మినపప్పు, ఎండుమిరప, వెల్లుల్లి తాలింపుతో వేపినను రుచి కుదురును. ఈ ఆకులో ఆక్సాలిక్ ఆమ్లము హెచ్చు. మూత్రపిండములలో రాళ్లు గలవారు వైద్యుని సలహా పొందవలెను. ఇతరులును ఎక్కువ నీటిలో ఉడికించి వార్చినచో అది కొంత తగ్గును.

ఇక లాభనష్టముల మాట. ఎ విటమినుగా మారు కెరోటిను దుంపలో లేదన్నంత స్వల్పము, ఆకులో పుష్కలము. ఎ విటమిను లోపించిన పిల్లలకు రేచీకటి కలుగునని వైద్యశాస్త్రము ఏనాడో తేల్చినది. అనగా మనము వెల యిచ్చి తెచ్చుకొనుచున్నది తీపిని, ఊరక విడిచివచ్చుచున్నది కంటి చూపునకు బలమును. రోమునగరపు ధనికులు నవ్విన ఆ కూడు పనివారి పిల్లలను పోషించినది. నేటి మన పిల్లలకును అది చేటు కాదు.