కండల మందుకు గురువులెవరు?

జిమ్‌లో చేరి ఏడాది తిరక్కుండానే చాలామంది కుర్రాళ్లకు ఒక అనుమానం మొదలవుతుంది. పక్కవాడి భుజాలు అంత తొందరగా ఎలా వచ్చాయని. ఆ అనుమానం ఎవరినైనా అడిగితే, హైదరాబాద్‌లో అడిగినా లాస్ ఏంజెలెస్‌లో అడిగినా, ఫోన్‌లో ముఖం తెలియని మనిషిని అడిగినా, దాదాపు ఒకే జవాబు వస్తుంది. ముందు రెండు మూడేళ్లు ఒళ్లు వంచి కసరత్తు చెయ్యి. పాతికేళ్లు నిండనీ. తిండి, నిద్ర సరిచూసుకో. రక్తపరీక్ష చేయించుకో. బాగా చదివి తెలుసుకున్నాక అప్పుడు 'సైకిల్' గురించి, అంటే కొన్ని వారాలు మందు వాడి ఆపే విడత గురించి, మాట్లాడుకుందాం. వినడానికి ఇది పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. తొందరపడవద్దని హెచ్చరిస్తుంది, లెక్కలు చెబుతుంది, కొత్తవాడిని మందలిస్తుంది కూడా. కానీ అందులో 'వద్దు' అనే మాట ఉండదు. 'ఇప్పుడే వద్దు' అని మాత్రమే ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడాలోనే ఈ మందు చరిత్ర అంతా దాగుంది. కొత్తవాడికి ఇలా పాఠం చెప్పే పద్ధతి ఫోన్‌లతో పుట్టింది కాదు. నిజం చెప్పవలసిన వాళ్లు దాదాపు ముప్పై ఏళ్లపాటు ఆ పని చేయనందువల్ల, ఖాళీగా పడి ఉన్న గురుపీఠం మీద మందు వాడేవాళ్లు, అమ్మేవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

ముందుగా ఒక స్పష్టత. ఉబ్బసానికో, కోవిడ్ ముదిరినప్పుడో డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్లు వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది అనబాలిక్ స్టెరాయిడ్ల గురించి, అంటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ గురించి, దాన్ని అనుకరిస్తూ తయారుచేసిన మందుల గురించి. టెస్టోస్టెరాన్‌ను 1935లో వేరుచేశారు, అదే ఏడాది ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ కృషిలో ఉన్న బూటెనాంట్, రుజిచ్కాలకు 1939లో రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించారు. కండల కథ మాత్రం 1954లో వియన్నాలో జరిగిన ప్రపంచ వెయిట్ లిఫ్టింగ్ పోటీలతో మొదలవుతుంది. అమెరికా జట్టుతో వెళ్లిన డాక్టర్ జాన్ జీగ్లర్‌కు, సోవియట్ లిఫ్టర్లు టెస్టోస్టెరాన్ వాడుతున్నారన్న సంగతి వాళ్ల డాక్టరు ద్వారానే తెలిసిందని ఆయనే తర్వాత చెప్పాడు. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే మాత్రను మార్కెట్‌లోకి తెచ్చింది. కాలిన గాయాలతో, దీర్ఘరోగాలతో చిక్కిపోయినవాళ్లకు ఒళ్లు రావడానికి ఉద్దేశించిన మందు అది. జీగ్లర్ దాన్ని పెన్సిల్వేనియాలోని యార్క్ పట్టణానికి తీసుకెళ్లాడు.

యార్క్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అమెరికా వెయిట్ లిఫ్టింగ్‌కు అది రాజధాని. బాబ్ హాఫ్‌మన్ అనే వ్యాపారికి అక్కడ ఇనుప బార్‌బెల్స్ తయారుచేసే కంపెనీ ఉంది, 'స్ట్రెంత్ అండ్ హెల్త్' అనే పత్రిక ఉంది, ప్రొటీన్ పొడి వ్యాపారమూ ఉంది. జాతీయ జట్టు లిఫ్టర్లు చాలామంది ఆయన నీడలోనే ఉండేవారు. 1960 ప్రాంతంలో బిల్ మార్చ్, లూయీ రీకీ వంటి యార్క్ లిఫ్టర్ల బలం ఉన్నట్టుండి పెరిగింది. కారణమేమిటని దేశమంతా అడిగితే, పత్రిక ఇచ్చిన జవాబు ఐసోమెట్రిక్ వ్యాయామం. బార్‌ను ఇనుప చట్రంలో కదలకుండా బిగించి, దాన్ని కొన్ని సెకన్లపాటు బలమంతా పెట్టి నెట్టడం. ఆ చట్రాన్నీ యార్క్ వాళ్లే అమ్మారు. ఊరూరా కుర్రాళ్లు అది కొని కదలని ఇనుమును నెట్టారు, ప్రొటీన్ పొడి తాగారు, యార్క్ వీరుల్లా ఎందుకు కాలేకపోతున్నామో తెలియక తమ శ్రమనే శంకించుకున్నారు. జీగ్లర్ ఇస్తున్న మాత్ర సంగతి ఆ పేజీల్లోకి రాలేదు. కొత్తవాడికి చెప్పిన మొదటి అబద్ధం ఇది, చెప్పకుండా దాచిన అబద్ధం. గుట్టు బయటపడ్డాక ఆ కుర్రాళ్లు నేర్చుకున్న పాఠం మందు మంచిదా చెడ్డదా అన్నది కాదు. పత్రికలు, కంపెనీలు, కోచ్‌లు అసలు సంగతి మనకు చెప్పరన్నదే. జీగ్లర్ కూడా తర్వాత ఎంతో పశ్చాత్తాపపడ్డాడు. తను చెప్పిన మోతాదును లిఫ్టర్లు లెక్కచేయలేదని, ఎక్కువ మింగితే ఎక్కువ బలం వస్తుందనుకున్నారని బాధపడ్డాడు. 1983లో ఆయన చనిపోయాడు. అమెరికాలో సీబా డయానబాల్‌ను ఉపసంహరించుకున్నదీ ఆ ఏడాదే.

రెండో అబద్ధం తూర్పు జర్మనీది. అక్కడ ప్రభుత్వమే రహస్య పథకం వేసి, క్రీడల్లో ఉన్న పద్నాలుగు పదిహేనేళ్ల ఆడపిల్లలకు సైతం ఓరల్ టూరినబాల్ అనే నీలి మాత్రలు ఇప్పించింది. విటమిన్లని చెప్పి మింగించింది. అడిగే హక్కే లేని చోట కొత్తవాళ్లకు సలహా అనేదే ఉండదు కనుక ఆ కథ ఇక్కడ ఇంతే.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది, అదీ మంచి ఉద్దేశంతో. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అనే క్రీడావైద్య సంస్థ 1977లో ఒక అధికారిక ప్రకటన చేసింది. అనబాలిక్ స్టెరాయిడ్ల వల్ల ఆటగాళ్ల సామర్థ్యం పెరుగుతుందనడానికి తిరుగులేని శాస్త్రీయ ఆధారం లేదన్నది దాని సారాంశం. మందు పెట్టెలో పెట్టే కాగితాల మీదా ఇదే ధోరణిలో రాయించారు. అప్పటి పరిశోధనల్లో చాలావాటిలో మోతాదులు తక్కువ, మనుషులు తక్కువ, వాళ్లు తిన్నదేమిటో చేసిన కసరత్తెంతో సరిగా లెక్కకట్టలేదు. జిమ్‌లో వాడే మోతాదులు ప్రయోగం పేరిట మనుషులకు ఇవ్వడం నీతి కాదు కనుక, ఎవరూ ఇవ్వలేదు. అంటే శాస్త్రం అసలు ప్రశ్నను అడగనేలేదు. కానీ జిమ్‌లోని కుర్రాడి చెవిన పడ్డది 'ఆధారం లేదు' అన్న జాగ్రత్త మాట కాదు, 'పనిచేయదు' అన్న మాట. అతనికేమో ఎదుట నిలువుటద్దం ఉంది. ఆరు వారాల్లో ఛాతీ పెరగడం కళ్లారా చూశాడు. డాక్టరుకు తెలియదు, లేదా అబద్ధమాడుతున్నాడు అని తేల్చుకున్నాడు. ఆ సంస్థ 1980ల మధ్యలో తన ప్రకటనను సవరించి, సరైన తిండి, కసరత్తు తోడైతే కొందరికి బలం పెరగవచ్చని ఒప్పుకుంది. 1996లో డాక్టర్ షాలేందర్ భసీన్ బృందం 43 మంది మగవాళ్లతో అసలైన ప్రయోగం చేసింది. పది వారాలు, వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్. కసరత్తు చేయకుండా మందు మాత్రమే తీసుకున్నవాళ్లకు సైతం కండ పెరిగింది. శాస్త్రం నోట నిజం వచ్చింది, కానీ జిమ్‌లు ఆ సంగతి తెలుసుకున్న ముప్పై అయిదేళ్లకు.

డాక్టర్లు అబద్ధమాడలేదు, ఆధారం లేనిదే చెప్పకూడదని ఆగారు, అది తప్పెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. ఆగడం తప్పు కాదు. కానీ పనిచేయదనే మాటనే భయానికి ఆయుధంగా వాడుకోవడం తప్పు. ఫలితమే లేదు, కాబట్టి ముట్టుకోవద్దు అని చెప్పినప్పుడు, ఫలితం కంటికి కనిపించిన మరుక్షణం 'ముట్టుకోవద్దు' అన్నదీ కూలిపోతుంది. గుండె గురించీ సంతానం గురించీ ఆ తర్వాత అదే డాక్టరు ఎంత నిజం చెప్పినా వినే చెవి మిగల్లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే, 1981లో, డాన్ డుషేన్ అనే కాలిఫోర్నియావాసి 'అండర్‌గ్రౌండ్ స్టెరాయిడ్ హ్యాండ్‌బుక్' అనే చిన్న పుస్తకం వేశాడు. ఏ మందు పేరేమిటి, ఎలా పనిచేస్తుంది, దేనితో దేన్ని కలపవచ్చు, ఏది చేటు అనేదంతా పక్కింటి అన్నయ్య చెప్పినట్టు రాశాడు. తర్వాత స్టెరాయిడ్ల అక్రమ రవాణా కేసులో జైలుకు వెళ్లాడు, 1989లో పుస్తకాన్ని పెంచి మళ్లీ వేశాడు, 2000లో చనిపోయాడు. అదే దారిలో బిల్ ఫిలిప్స్ 'అనబాలిక్ రిఫరెన్స్ గైడ్' రాసి, తర్వాత పత్రిక పెట్టి, చివరికి పొడుల వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఈ రోజు కొత్తవాడు వినే మాటల స్వరం ఈ పుస్తకాల్లోనే తయారైంది. భయపెట్టడం ఉండదు, నీతిబోధ ఉండదు. నీ ఒళ్లు, నీ నిర్ణయం, నేను తెలిసింది చెబుతున్నాను అన్న తీరు. అప్పటికి అలా మాట్లాడినవాళ్లు వేరే లేరు. సియోల్ ఒలింపిక్స్‌లో స్ప్రింటర్ బెన్ జాన్సన్ స్టెరాయిడ్‌తో పట్టుబడిన రెండేళ్లకు, 1990లో, అమెరికా చట్టం చేసి అనబాలిక్ స్టెరాయిడ్లను నియంత్రిత మాదకద్రవ్యాల మూడో జాబితాలో చేర్చింది. దాంతో డాక్టరు గది తలుపు పూర్తిగా మూసుకుంది. వాడేవాళ్లు ఆగలేదు, అడిగే చోటు మారింది, అంతే. ఇంటర్నెట్ వచ్చేసరికి పాఠ్యపుస్తకం, గురువు, శిష్యుడు, దుకాణం అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పింది వింటే ఆ గురువులదే న్యాయం అనిపించవచ్చు. ఇక్కడే అసలు చిక్కుంది. వాళ్లకు తెలిసింది నిజమే, కానీ సగం. అనుభవం కొన్నిటిని మాత్రమే చూడగలదు. కండ వారాల్లో కనిపిస్తుంది, మొటిమలు కనిపిస్తాయి, మగవాడికి రొమ్ము పెరగడం కనిపిస్తుంది. గుండె గోడ మందం కావడం కనిపించదు. 2017లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో ఎన్నో ఏళ్లుగా బరువులెత్తే 140 మంది మగవాళ్ల గుండెలను పరీక్షించారు. మందు వాడనివాళ్లలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో సగటున 63 శాతం బయటికి పంపుతుంటే, వాడినవాళ్లలో అది 52 శాతమే ఉంది. డెన్మార్క్‌లో జిమ్ తనిఖీల్లో స్టెరాయిడ్లతో పట్టుబడిన 545 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, ఆ వయసు వాళ్లతో పోల్చినప్పుడు మరణాలు మూడు రెట్లు ఉన్నాయని 2019లో తేలింది. ఈ లెక్కలు అద్దంలో కనిపించేవి కావు. పైగా సలహా చెప్పడానికి మిగిలేది ఎవరు? ఒళ్లు తట్టుకున్నవాళ్లు. పిల్లలు పుట్టక ఆస్పత్రుల చుట్టూ తిరిగేవాడు, మందు మానాక నెలల తరబడి నిరుత్సాహంలో కూరుకుపోయినవాడు సిగ్గుతో తప్పుకుంటాడు. కొత్తవాడికి వినపడేదంతా నెగ్గుకొచ్చినవాళ్ల గొంతే.

వాళ్ల మాటల్లోనే చూడండి. 'సైకిల్' అంటే చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తామన్న భరోసా. 'పీసీటీ' అంటే సైకిల్ అయ్యాక వేసుకునే విరుగుడు మందుల వరస, వినడానికి ఆస్పత్రి చికిత్స పేరులా ఉంటుంది. రక్తపరీక్ష చేయించుకోమనడం మంచి మాటే. కానీ కాగితం మీద అంకెలు హద్దులో ఉన్నాయంటే మందు క్షేమమని అర్థం చేసుకునే కుర్రాడికి అది అనుమతి పత్రం అవుతుంది. పాతికేళ్లు నిండనీ అన్న హెచ్చరిక, పాతికేళ్లు నిండితే ఫర్వాలేదన్న వాగ్దానంగా వినపడుతుంది. చెప్పేవాడు నిజాయతీగానే చెప్పి ఉండవచ్చు. మెట్లు ఇన్ని అని లెక్క చెప్పాక, వాటిని ఎక్కాలనిపించడం సహజం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఎలాగూ వాడతారు, అలాంటప్పుడు శుభ్రమైన సూది, తక్కువ మోతాదు గురించి చెప్పడం మేలు కాదా అని. మేలే. బ్రిటన్‌లో సూదులు మార్చి ఇచ్చే కేంద్రాలకు హెరాయిన్ వాడేవాళ్లతోపాటు జిమ్ కుర్రాళ్లూ వస్తారు, వాళ్లను తిప్పి పంపరు. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో డాక్టర్లు 100 మంది వాడకందార్లను మందు ఇవ్వకుండా, తిట్టకుండా పరీక్షిస్తూ వచ్చారు. సైకిల్ నడుస్తున్నప్పుడు గుండె పని తగ్గిందనీ, మానేశాక చాలామందిలో కోలుకుందనీ గమనించారు. ఇది ఊరటనిచ్చే మాటే, దాచకూడదు. కానీ మానేసినవాళ్ల సంగతి అది. సైకిళ్ల మధ్య మానకుండా తక్కువ మోతాదులో కొనసాగించే అలవాటు ఇప్పుడు బాగా పాకింది, అలాంటివాళ్లకు ఆ ఊరట వర్తించదు. పైగా హార్లెమ్ డాక్టర్లు ఏమీ అమ్మలేదు. నష్టం తగ్గించే మాటకూ, సరుకు కదిలించే మాటకూ తేడా అక్కడే ఉంది.

మన దగ్గర గురువు అన్న మాటకు బరువెక్కువ. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు 1942లో కన్నుమూశారు, డయానబాల్ పుట్టడానికి 16 ఏళ్ల ముందు. వ్యాయామ గురువంటే మన మనసులో ఇంకా ఆ బొమ్మే ఉంది. ఆ నమ్మకమంతా ఇప్పుడు జిమ్ కోచ్‌కు దక్కుతోంది. ఆయనే ప్రొటీన్ డబ్బా ఇప్పిస్తాడు, కొన్ని చోట్ల ఇంజెక్షనూ ఇప్పిస్తాడు. ఆపరేషన్ బల్ల మీద పడిపోతున్న బీపీని నిలబెట్టే మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్లు జిమ్ కుర్రాళ్ల కోసం హైదరాబాద్‌లో పట్టుబడిన వార్తలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. అది స్టెరాయిడ్ కూడా కాదు, కండ పెంచదు. మన చట్టంలో అనబాలిక్ మందులు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2022 నాటి డోపింగ్ నిరోధక చట్టం పోటీల్లో పాల్గొనే క్రీడాకారుల కోసం వచ్చింది, పెళ్లిచూపుల కోసమో రీల్స్ కోసమో ఒళ్లు పెంచుకునే కుర్రాడు దాని లెక్కలోకి రాడు. అతనికి మిగిలింది కోచ్, ఫోన్, మందుల షాపు.

కాబట్టి డాక్టర్లకు ఒక విన్నపం. ఆ కుర్రాడు ఎప్పుడైనా ధైర్యం చేసి మీ గదిలోకి వచ్చి అడిగితే, 1977 నాటి జవాబు ఇవ్వకండి. కండ పెరుగుతుందనే ముందుగా ఒప్పుకోండి. ఆ తర్వాత గుండె గురించి చెప్పండి, అప్పుడు వింటాడు.