డైమండ్ ప్రిన్సెస్: ఒక ఓడ, 712 మంది రోగులు

2020 ఫిబ్రవరి 3న జపాన్‌లోని యొకొహామా తీరానికి తిరిగి వచ్చిన విహారనౌక డైమండ్ ప్రిన్సెస్‌లో 3,711 మంది ఉన్నారు. ప్రయాణికులు 2,666 మంది, సిబ్బంది 1,045 మంది. వాళ్లలో 712 మందికి కోవిడ్ సోకింది. చైనా బయట అప్పటికి ఒకేచోట అంతమంది రోగులు మరెక్కడా లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోజువారీ పట్టికలో ఈ ఓడను ఏ దేశం ఖాతాలోనూ వేయకుండా విడిగా ఒక వరుసలో చూపించింది.

వైద్యులకు ఈ ఓడ మరో రకంగా విలువైనది. ఊళ్లో అయితే జ్వరమో దగ్గో వచ్చినవాళ్లే ఆసుపత్రికి వస్తారు. రానివాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు. ఓడలో తలలన్నీ లెక్కకు అందాయి. ఒంట్లో బాగానే ఉందన్నవాళ్లకూ పరీక్షలు చేశారు. ఆ చిన్న తేడా వల్ల, ఈ జబ్బు మనిషికి తెలియకుండా అతనిలో ఎంత దూరం వెళ్తుందో చూసే వీలు కలిగింది.

కథ జనవరి 20న మొదలైంది. ఆ రోజు యొకొహామాలో ఓడ ఎక్కిన 80 ఏళ్ల ప్రయాణికుడొకరు జనవరి 25న హాంకాంగ్‌లో దిగిపోయారు. అప్పటికే ఆయనకు దగ్గు. ఓడ వియత్నాం, తైవాన్, ఒకినావా రేవులు చుట్టి వస్తూనే ఉంది. విందులు, వినోదాలు యథాప్రకారం సాగాయి. ఆయనకు కోవిడ్ అని ఫిబ్రవరి 1న తేలింది. ఫిబ్రవరి 5న తొలి ఫలితాలు వచ్చాయి: పరీక్షించిన 31 మందిలో 10 మందికి వైరస్ ఉంది. అదే రోజు ప్రయాణికులను 14 రోజుల పాటు కేబిన్లలోనే ఉండమన్నారు.

ఉండమన్నది ప్రయాణికులను. వాళ్లకు మూడు పూటలా తిండి ఎవరు అందించాలి? సిబ్బందే. వాళ్లు ఇరుకు గదుల్లో కలిసి పడుకున్నారు, ఒకే భోజనశాలలో తిన్నారు. సిబ్బందిలో మొదట బయటపడిన 20 మంది రోగుల్లో 15 మంది ఆహార విభాగం వాళ్లే. తర్వాత లక్షణాలు మొదలైన తేదీల ప్రకారం లెక్కలు వేసినప్పుడు, ప్రయాణికుల్లో చాలామందికి తలుపులు మూయకముందే అంటుకుందని తేలింది. సిబ్బందిలో మాత్రం ఆ తర్వాత కేసులు పెరిగాయి. ఓడలోకి వెళ్లి చూసిన కోబే విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెంతారో ఇవాతా, వైరస్ ఉన్న భాగానికీ లేని భాగానికీ మధ్య సరైన హద్దే లేదని ఫిబ్రవరి 18న వీడియోలో విమర్శించారు. పెద్ద దుమారమే రేగింది.

రోగుల లక్షణాల గురించి బాగా తెలిసింది టోక్యోలో. అక్కడి సెతగయాలో ఉన్న జపాన్ ఆత్మరక్షణ దళాల కేంద్ర ఆసుపత్రికి ఓడ నుంచి తీసుకొచ్చినవాళ్లలో 104 మందిని ఒక అధ్యయనంలో పరిశీలించారు. వాళ్ల మధ్యస్థ వయసు 68. చేరే రోజున 43 మందికి ఏ లక్షణమూ లేదు. 41 మందికి స్వల్పంగా ఉంది. 20 మందికి ఊపిరి అందకపోవడం, రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం వంటి తీవ్ర లక్షణాలున్నాయి. పరిశీలన ముగిసేసరికి ఈ లెక్క 33, 43, 28గా మారింది. ఏమీ లేదనుకున్న 43 మందిలో పదిమందికి ఆసుపత్రిలోనే జబ్బు బయటపడిందన్నమాట. ఆ పదిమంది రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్, చివరిదాకా లక్షణాల్లేని 33 మంది కంటే ఎక్కువగా కనిపించింది. జబ్బు ముదిరినవాళ్లలో పెద్ద వయసు, రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గడం, స్కాన్‌లో ఊపిరితిత్తుల భాగాలు గట్టిపడినట్లు కనబడటం ఎక్కువ.

అసలు ఆశ్చర్యం సీటీ స్కాన్లలో ఎదురైంది. అదే ఆసుపత్రిలో జరిగిన మరో అధ్యయనంలో 112 మంది స్కాన్లను పరిశీలిస్తే, వాళ్లలో 82 మందికి పైకి ఏ లక్షణమూ లేదు. ఆ 82 మందిలో 44 మంది ఊపిరితిత్తుల్లో న్యుమోనియా మచ్చలున్నాయి! ఎక్కువగా మసక గాజు లాంటి పలుచని మచ్చలు. లక్షణాలున్న 30 మందిలో 24 మందికి ఇలాంటి మార్పులు కనిపించాయి. మనిషి హాయిగా మాట్లాడుతుంటాడు, స్కాన్ మరో మాట చెబుతుంది. 2021 వేసవిలో తెలుగు ఇళ్లలో సీటీ స్కోరు, సాచురేషన్ అనే మాటలు నోళ్లలో నానడానికి ఏడాది ముందే, ఈ గుట్టు ఈ ఆసుపత్రిలో రట్టయింది.

ఓడ నుంచి జపాన్‌లోని ఒకజాకీలో ఉన్న ఒక ఆసుపత్రికి పంపినవాళ్ల వల్ల మరో సంగతి తేలింది. లక్షణాల్లేని 96 మందిలో 11 మందికే తర్వాత లక్షణాలు వచ్చాయి. వయసు పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరిగింది. వాళ్లతో పాటు వచ్చిన కేబిన్ సహవాసులు 32 మందికి ఓడలో నెగెటివ్ వచ్చింది. మూడు రోజుల్లోనే అందులో ఎనిమిది మందికి పాజిటివ్ అయింది.

ఓడలోని 712 మందిలో 331 మందికి, అంటే 46.5 శాతం మందికి, పరీక్ష నాటికి లక్షణాల్లేవు. 37 మందిని ఐసీయూలో చేర్చాల్సి వచ్చింది. మొత్తం మరణాలు, పెర్త్ తిరిగి వెళ్లాక చనిపోయిన ఆస్ట్రేలియా ప్రయాణికుడితో కలిపి, 14. ప్రయాణికుల్లో సగానికి పైగా 60 దాటినవారే కాబట్టి, ఈ మరణాల రేటును పడుచు జనాభా ఉన్న దేశానికి నేరుగా అతికించడం సరికాదు. పరిశోధకులు వయసు సర్ది లెక్క వేసుకోవాల్సి వచ్చింది. ఖాళీ చేసిన కేబిన్లలో, శుభ్రం చేయకముందు, 17 రోజుల తర్వాతా వైరస్ జన్యుపదార్థం దొరికింది. అది ఆ తావుల నుంచి అంటుకుందని చెప్పే రుజువు కాదు, అయినా పత్రికలు దాన్ని అలాగే చదివాయి.

ఓడలో 138 మంది భారతీయులుండేవారు, వాళ్లలో 132 మంది సిబ్బందే. 16 మందికి వైరస్ సోకింది. మరో 119 మందిని ఫిబ్రవరి 27న ఎయిరిండియా విమానంలో ఢిల్లీకి తీసుకొచ్చారు. ఓడ పూర్తిగా ఖాళీ అయింది మార్చి 1న. కెప్టెన్ జెన్నారో ఆర్మా చివరగా దిగారు.

ఓడల ద్వారా శ్వాసకోశ వ్యాధి పాకడం కొత్తేమీ కాదు. 1918 నవంబరులో తలూనే అనే ఓడ మోసుకొచ్చిన ఇన్‌ఫ్లూయెంజా, పశ్చిమ సమోవా జనాభాలో అయిదో వంతుకు పైగా మందిని పొట్టన పెట్టుకుంది. ఆ కాలంలో పరీక్షల్లేవు, చనిపోయినవాళ్ల లెక్కే మిగిలింది. 2020లో అమెరికా విమానవాహక నౌక థియోడర్ రూజ్‌వెల్ట్ పూర్తి భిన్నమైన చిత్రం చూపింది. అందులోని 4,779 మంది నావికుల్లో 1,271 మందికి సోకింది. పరీక్ష నాటికి వాళ్లలో 77 శాతం మందికి లక్షణాల్లేవు. మరణించింది ఒక్కరే. వైరస్ అదే, ఓడలో ఉన్నది పడుచువాళ్లు.

అదే ఏడాది మార్చిలో అంటార్కిటికా వైపు బయలుదేరిన గ్రెగ్ మోర్టిమర్ ఓడలో, ఎక్కేముందే అందరి జ్వరం చూశారు. ఎనిమిదో రోజున తొలి జ్వరం కనబడింది. 217 మందిలో 128 మందికి సోకినట్లు చివరికి తేలింది, వాళ్లలో 104 మందికి ఏ లక్షణమూ లేదు. ఒకే కేబిన్‌లో ఇద్దరున్న చోట ఒకరికి పాజిటివ్, మరొకరికి నెగెటివ్ వచ్చిన కేబిన్లు పది ఉన్నాయి.