కేసు భయం ఎవరిది, రెఫర్ చీటీ ఎవరికి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తండాల్లో మనమంతా ఒక మాట వింటూ పెరిగినాం: "ఇక్కడ కాదు, అనంతపురం తీసుకుపోండి." ఆ మాట వెనక చరిత్ర ఉంది.

1986 వినియోగదారుల రక్షణ చట్టం డాక్టర్లకూ వర్తిస్తుందని 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టిన రోగి పరిహారం అడగొచ్చు. కేసు భయంతో అక్కర్లేని పరీక్షలు రాయడం, రిస్కున్న రోగిని వద్దనడం, దీన్నే డిఫెన్సివ్ మెడిసిన్ అంటారు. కానీ అదే తీర్పు, అందరికీ ఉచితంగా చూసే ఆస్పత్రులను చట్టం బయటే ఉంచింది. అంటే ప్రైవేటులో వద్దన్నాక సర్కారు ఆస్పత్రికి పోయే మనోళ్లకు ఆ తలుపు లేదు. సివిల్ కోర్టు ఉంది కదా అంటారు. వకీలు ఫీజు ఎవరు కడతారు?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్‌కు భూమి అమ్మే పని తప్పింది, చిన్న విషయం కాదు. అయితే రాత్రిపూట పాము కరిస్తే కార్డు కన్నా ముందు దగ్గర్లో డాక్టరుండాలి. హిందూపురం నుంచి అనంతపురం వంద కిలోమీటర్ల పైనే.

రెఫర్ చేసినప్పుడు కారణం, టైము చీటీ మీద రాయించుకోవాలని మేం హాస్టల్లో అనుకున్నాం. మీ ఇళ్లల్లో పాత చీటీలుంటే పారేయొద్దు.