ఎదురీదే పడవలో మనిషి బరువెంత?

1977 వర్షాకాలంలో మూడు చిన్న పడవలు బంగాళాఖాతం ఒడ్డున గంగాసాగర్ నుంచి బయలుదేరి గంగానదికి ఎదురు ప్రయాణం మొదలుపెట్టాయి. ఆ యాత్రకు నాయకుడు ఎడ్మండ్ హిల్లరీ, 1953లో టెన్సింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు ఎక్కిన మనిషి. పడవల పేర్లు గంగ, కివీ, ఎయిర్ ఇండియా. వాటిలో న్యూజిలాండ్ వాళ్లతోపాటు మన పర్వతారోహకులూ ఉన్నారు. 1965లో ఎవరెస్టు నెక్కిన భారత దళానికి నాయకత్వం వహించిన ఎం.ఎస్. కోహ్లీ వారిలో ఒకరు. మైదానాలు దాటి, రిషీకేశ్ మీదుగా కొండల్లోకి చొరబడి, దేవప్రయాగ దగ్గర అలకనందలోకి తిరిగి ఆ పడవలు పైపైకి సాగాయి. ప్రవాహం వాలుగా దూకుతూ, రాళ్లమీద పగిలి తెల్లగా నురగలు కక్కే చోట్ల కూడా అవి నీటికి ఎదురెక్కాయి.

ఇటువంటి పడవలో ఒక మనిషి అదనంగా ఎక్కితే ఏమవుతుందో చెప్పండి. "కొంచెం నెమ్మదిస్తుంది" అని మీరు వెంటనే అంటారు. ఆ జవాబు తప్పు కాదు, కాని పూర్తిగా సరిపోదు. నిలకడ నీటిలో ఆ కొంచెం కొంచెమే. ఎదురు ప్రవాహంలో మాత్రం పడవ పైకి వెళ్లడమా, వెనక్కి కొట్టుకుపోవడమా అన్నది దానిమీదనే తేలవచ్చు. జెట్ పడవ చరిత్ర కూడా చాలావరకు ఈ బరువుతో పడిన పేచీయే.

నీటిని లోపలికి పీల్చి, వెనక్కి చిమ్మి, ఆ ప్రతిచర్యతో ముందుకు పోవాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో టూగుడ్, హేస్ అనే ఇద్దరు 1661లోనే దీనికి పేటెంటు పొందారు. 1787లో జేమ్స్ రమ్సీ అమెరికాలోని పొటోమాక్ నదిలో ఆవిరి పంపుతో అలాంటి పడవను నడిపి చూపాడు. 1866లో బ్రిటిష్ నౌకాదళం వాటర్‌విచ్ అనే జెట్ నౌకను తయారుచేసి, ప్రొపెల్లరుతో నడిచే వైపర్ అనే సాటి నౌకతో పోల్చి చూసింది. జెట్ నౌక వెనకబడింది. ఇందులో ఒక తమాషా ఉంది. పంపులోనూ గొట్టాలలోనూ నిండి ఉండే నీటిని కూడా పడవే మోయాలి. అంటే జెట్ పడవలో టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒకడు ఎప్పుడూ కూర్చునే ఉంటాడు!

ఈ పద్ధతిని పనికొచ్చేలా చేసినవాడు బిల్ హామిల్టన్, న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో గొర్రెలు మేపుకొనే రైతు, యంత్రాలు తయారుచేసే ఇంజనీరు. అక్కడి నదులు గులకరాళ్లమీద పాయలు పాయలుగా లోతు లేకుండా పారతాయి. ప్రొపెల్లరు రాళ్లకు తగిలి విరిగిపోతుంది. 1950ల తొలి ఏళ్లలో ఆయన చేసిన మొదటి పడవలో నీటిధార అడుగుభాగం కింద నీళ్లలోనే వెలువడేది. దాని వేగం గంటకు సుమారు 11 కిలోమీటర్లు. ధార వచ్చే మూతిని నీటిమట్టానికి కాస్త పైకి, పడవ వెనకభాగానికి మార్చగానే వేగం 27 కిలోమీటర్లకు పెరిగింది! నీళ్లలో వేలాడుతూ అడ్డుపడే భాగం తొలగిపోవడమే అందుకు కారణం. జెట్‌ను కనిపెట్టానని హామిల్టన్ ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ గౌరవం ఆర్కిమెడిస్‌కే చెందాలనేవాడు.

ఆర్కిమెడిస్ మనకు ఇక్కడ మరోవిధంగానూ కావాలి. నిలబడి ఉన్న పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది. అయిదు మీటర్ల జెట్ పడవ ఒకటి, ఇంజనూ ఇంధనంతో కలిపి 900 కిలోలు ఉందనుకోండి. 70 కిలోల డ్రైవరు ఒక్కడే ఉంటే మొత్తం 970 కిలోలు. మరో నలుగురు ఎక్కితే 1250. పడవ నీళ్లలో మరో మూడు, నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. అంతేగదా అనిపిస్తుంది. ఇప్పుడు ఇంజను వేగం పెంచండి. పడవ ముందు ఒక అల లేస్తుంది. ముక్కు పైకి లేచి, వెనకభాగం గుంటలో కూరుకుంటుంది. పడవ తన అలనే గట్టు ఎక్కినట్లు ఎక్కాలి. ఈ దశలో నిరోధాన్ని గ్రాఫు గీస్తే గీత ఎద్దు మూపురంలా లేస్తుంది. మూపురం దాటితే పడవ నీళ్లలోంచి పైకి లేచి, ఉపరితలం మీద జారుతూ పోతుంది. నిలబడినప్పుడు ముప్పై సెంటీమీటర్ల లోతు కావలసిన పడవకు అప్పుడు పది సెంటీమీటర్లు చాలు. హామిల్టన్ పడవ 11 నుంచి 27కు పోయినప్పుడు దాటింది ఈ మూపురాన్నే.

బరువు పెరిగితే మూపురం ఎత్తూ పెరుగుతుంది. జెట్‌కు ఉన్న బలహీనత కూడా సరిగ్గా అక్కడే బయటపడుతుంది. ధార సెకనుకు 25 మీటర్ల వేగంతో వెనక్కి పోతోందనుకోండి. పడవ వేగాన్ని రెట్టింపు చేసి, ధార వేగం, పడవ వేగాల మొత్తంతో భాగిస్తే ఆదర్శ సామర్థ్యం వస్తుంది. పడవ సెకనుకు 10 మీటర్లు పోతుంటే అది 57 శాతం. 5 మీటర్లకు తగ్గితే 33 శాతమే. ఎక్కువ బలం కావలసిన నెమ్మది వేళలోనే ఎక్కువ శక్తి వృథా అవుతుందన్నమాట. పైగా ప్రొపెల్లరు పడవకు బరువెక్కితే ఇంజను మూలుగుతుంది, దాని చప్పుడు మారుతుంది. జెట్ పంపు తిరిగే వేగం పడవ బరువుతో పెద్దగా మారదు. చప్పుడు మామూలుగానే ఉంటుంది, పడవ మాత్రం కదలదు. డ్రైవరు చెవిని నమ్ముకుంటే మోసపోతాడు.

మనుషులు ఎక్కడ కూర్చున్నారన్నదీ ముఖ్యమే. అందరూ వెనక్కి చేరితే ముక్కు మరీ లేచి పడవ మూపురం ఎక్కలేదు. అందరూ ముందుకు చేరితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని పడవ అదుపు తప్పుతుంది.

ఇక ఎదురు ప్రవాహం. ఖాళీ పడవ వేగం గంటకు 55 కిలోమీటర్లు, నిండు పడవ వేగం 45 అనుకుందాం. చెరువులో తేడా అయిదో వంతు కూడా లేదు. గంటకు 35 కిలోమీటర్లతో దూసుకొచ్చే ప్రవాహంలో ఒడ్డునుంచి చూసేవారికి ఒకటి 20తో, మరొకటి 10తో కదులుతాయి. అంటే సగానికి సగం! ప్రమాదకరమైన చోట రెట్టింపుసేపు ఉండాలి. నీరు వాలుగా ఉంటే భూమ్యాకర్షణ కూడా వెనక్కి లాగుతుంది. ఇరవై మీటర్లకు ఒక మీటరు వాలులో 1250 కిలోల పడవను 62 కిలోల బరువంత బలం వెనక్కి లాగుతుంది. నురగనీటిలో పంపు గాలిని మింగి బలం కోల్పోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, మామూలు పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు పదో వంతు శక్తి పోగొట్టుకుంటుంది. ఈ నష్టాలు చాలావరకు డ్రైవరు చేతిలో లేనివి. పడవలోని బరువు ఒక్కటే ఆయన చేతిలో ఉంది. అందుకే కష్టమైన చోట మనుషుల్ని, సామాన్లను ఒడ్డున దింపి, పడవను తేలికచేసి ఎక్కించడం నదిని ఎరిగినవారి పద్ధతి.

హిల్లరీకి ఇది కొత్త కాదు. 1968లోనే ఆయన జెట్ పడవలతో నేపాల్‌లో సున్‌కోసి నదిని ఎదురీదాడు. గంగ యాత్రలో పడవ నడిపిన జాన్ హామిల్టన్ బిల్ కుమారుడు. 1960లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదిని మొదటిసారి ఎదురెక్కిన జెట్ పడవలను నడిపింది కూడా ఆయనే.

నందప్రయాగ దగ్గర అలకనందకు అడ్డంగా ఒక జలపాతం వచ్చింది. వాలునీటిలో బరువు తగ్గించుకుని గెలవవచ్చు. నిట్టనిలువుగా పడే నీటిమీద ఏ పడవా జారలేదు. పడవలు అక్కడ ఆగిపోయాయి. దళం బదరీనాథ్ వైపు, ఆపైన హిమాలయ శిఖరాలవైపు సాగింది. కొండల్లో సామానంతా మనుషుల వీపులమీదికి మారింది.