రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ: పెరటి పెంపకం

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ రెండూ గులాబీ కుటుంబంలో రూబస్ ప్రజాతికి చెందినవి. మనం ఒక పండు అనుకునేది నిజానికి చిన్న చిన్న టెంకపండ్ల గుత్తి. కోసేటప్పుడు తేడా చేతికే తెలుస్తుంది: రాస్ప్‌బెర్రీ లోపలి తెల్లటి మొనను కొమ్మకే వదిలి, టోపీలా బోలుగా ఊడివస్తుంది, బ్లాక్‌బెర్రీ ఆ మొనతో సహా వస్తుంది. హిందీలో రస్‌భరీ పేరుతో అమ్మే, కాగితం లాంటి పొర చుట్టుకున్న పసుపు పండు టమాటా కుటుంబానిది. నేరేడును బ్లాక్‌బెర్రీ అనడమూ పొరపాటే.

ఎర్ర రాస్ప్‌బెర్రీకి రూబస్ ఐడియస్ అన్న పేరు ఇడా పర్వతాన్ని బట్టి వచ్చింది. అది నేటి టర్కీలో ట్రాయ్ దగ్గరిదా, క్రీటు దీవిలోదా అన్నది వివాదం. మొదటిదానికే మొగ్గు ఎక్కువ. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో న్యాయమూర్తి జేమ్స్ హార్వీ లోగన్ తోటలో ఈ రెండు పండ్ల సంకరంగా పుట్టిన లోగన్‌బెర్రీకి కొందరు 1881 అని, కొందరు 1883 అని తేదీ ఇస్తారు. ఒకటి గింజ నాటిన ఏడు, రెండోది పండు కాసిన ఏడు అయి ఉండవచ్చు. లూథర్ బర్బ్యాంక్ భారతదేశపు విత్తనమనుకుని 1885 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన ‘హిమాలయ’ బ్లాక్‌బెర్రీకి హిమాలయాలతో సంబంధం లేదు. దాని స్వస్థలం ఆర్మేనియా పరిసరాలని ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అది నేడు అదుపు తప్పిన కలుపు.

వేరు ఏళ్ళ తరబడి బతుకుతుంది, పైన కాండానికి మాత్రం రెండేళ్ళే ఆయుష్షు. కేన్ అని పిలిచే ఈ కాండం మొదటి ఏడాది ఆకులతోనే పెరిగి, చలికాలం దాటాక పూసి, కాసి, ఎండిపోతుంది. కొత్తవాళ్ళ తప్పులు చాలావరకు ఇక్కడే. ఆకురాలిన కేన్లు అన్నీ చచ్చినట్టే కనబడతాయి. శుభ్రం చేద్దామని మొత్తం నరికితే రాబోయే వేసవి పంట పోయినట్టే. కాసి అయిపోయిన కేన్ బెరడు బూడిదరంగుకు తిరిగి పెచ్చులు లేస్తుంది, పక్కకొమ్మల చివర ఎండిన తొడిమలు వేలాడుతుంటాయి. కొత్తది గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. నేలమట్టానికి కోయవలసింది పాతదాన్నే. మిగిలినవాటిలో మీటరు వరుసకు పది పన్నెండు బలమైనవి ఉంచితే చాలు. నిటారుగా పెరిగే బ్లాక్‌బెర్రీ మీటరు ఎత్తుకు రాగానే చివర తుంచాలి. కాపు పక్కకొమ్మల మీదే వస్తుంది. పాకే రకాలకు తీగెల కంచె కావాలి.

మొదటి ఏడాదే, శరత్కాలంలో, కేన్ చివర కాసే రకాలు ఈ రెండేళ్ళ పద్ధతికి మినహాయింపు. రాస్ప్‌బెర్రీలో న్యూయార్క్‌లోని జెనీవా పరిశోధనా కేంద్రం 1969లో విడుదల చేసిన హెరిటేజ్ ప్రసిద్ధం. బ్లాక్‌బెర్రీలో ఇలాంటివి 2004లో గాని ఆర్కాన్సా విశ్వవిద్యాలయం నుంచి రాలేదు. వీటిని చలికాలం చివర మొత్తం కోసేయవచ్చు; ఒక్క పంటే దక్కుతుంది గాని పని తేలిక.

నీరు నిలిచే నేల పనికిరాదు, వేరుకుళ్ళు పట్టుకుంటుంది. ఎత్తు మడులు మేలు. టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంప వేసిన చోట మూడు నాలుగేళ్ళు నాటవద్దంటారు, వాటి వడలు తెగులు శిలీంద్రం మట్టిలో మిగిలిపోతుంది గనుక. ఎండ తగిలే మడి కాస్తా వంకాయకూ మిరపకూ కేటాయించే అమెరికా తెలుగువారి పెరళ్ళకు ఈ హెచ్చరిక మరీ అవసరం. నల్ల రాస్ప్‌బెర్రీని ఎర్రదానికి ఎంత దూరంలో పెట్టాలన్నదానికి 75 అడుగుల నుంచి వందల అడుగుల దాకా లెక్కలున్నాయి. పేనుబంక మోసుకొచ్చే వైరస్‌లే ఆ భయానికి మూలం. చిన్న పెరట్లో ఏ లెక్కా కుదరదు. వైరస్ లేదని ధ్రువీకరించిన నర్సరీ మొక్కే ఆచరణలో నిలిచే జాగ్రత్త.

2008లో కాలిఫోర్నియాలో కనబడిన డ్రోసోఫిలా సుజుకీ ఈగ, రంపం లాంటి అవయవంతో పండుతున్న కాయను చీల్చి గుడ్లు పెడుతుంది. రోజు విడిచి రోజు కోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం చాలావరకు కాపాడుతుంది. బ్లాక్‌బెర్రీ నిగనిగలాడేటప్పుడు పుల్లన. మెరుపు తగ్గాక కోయాలి.

ఎర్ర రాస్ప్‌బెర్రీకి 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి సుమారు 800 నుంచి 1,600 గంటలు కావాలి, కాబట్టి తెలుగు మైదానాల్లో ఆశ పెట్టుకోనక్కర్లేదు. చలి అంతగా అడగని రూబస్ నివియస్ నీలగిరుల్లో అడవిమొక్క. దక్షిణ ఫ్లోరిడాలో దాన్నే మైసూర్ రాస్ప్‌బెర్రీ పేరుతో పెరళ్ళలో పెంచుతారు.