సరస్వతీ భాండారికులు – పాఠశాలా గ్రంథాలయ చరిత్రము

పాఠశాలకు భవనము, వసతిగృహమునకు అన్నవస్త్రములు, బీదవిద్యార్థికి వేతనము – ఈ మూడింటి కొఱకు మన కులమువారు చేసిన దానములు ఇట్టి సంచికలలో ఏటేట ప్రకటింపబడుచునే యున్నవి. నాలుగవదియగు గ్రంథాలయమునకును దాతలు లేకపోలేదు. బీరువాల నిచ్చినవారు కలరు. పుస్తకముల నిచ్చినవారు కలరు. కాని ఆ బీరువాను తెఱచి, తగిన పుస్తకమును తగిన బాలుని చేతియందుంచు మనుష్యుని నిలిపినవారు మిక్కిలి యరుదు. మన ప్రాచీనుల విద్యాలయములలో ఈ లోపము లేకుండుటను, అది నడుమ నెట్లు కలిగినదో, మరల నెట్లు తీఱగలదో చెప్పుటయే మా యుద్దేశము.

కల్యాణి చాళుక్యుడగు త్రైలోక్యమల్లుని కాలమున, క్రీ.శ. 1058లో, నాగాయి గ్రామమున నొక శాసనము వేయబడినది. పూర్వము నైజాము రాష్ట్రమున నుండిన ఈ గ్రామము నేడు కర్ణాటకమునందలి కలబురగి జిల్లాలో నున్నది. అచ్చటి ఘటికాస్థానమున వేదము చదువు విద్యార్థులు 200 మందియు, శాస్త్రములు చదువువారు సుమారు 50 మందియు నుండిరి. వేదము చెప్పుటకు ముగ్గురు, శాస్త్రము చెప్పుటకు ముగ్గురు ఉపాధ్యాయులు నియమింపబడిరి. వీరితోపాటు సరస్వతీ భాండారికులు, అనగా గ్రంథపాలకులు, ఆఱుగురు నియుక్తులైరి. ఉపాధ్యాయు లెందఱో గ్రంథపాలకులును అందఱే! తొమ్మిదివందల యేండ్లకు పూర్వము జరిగిన ఈ యేర్పాటును పాఠకమహాశయు లొక్కింత నిలిచి యోచింప వేడుచున్నాము.

మన విద్య ముఖస్థవిద్య యనియు, గురుముఖమున విని ధారణ చేయుటయే గాని గ్రంథముతో పనిలేదనియు కొందఱందురు. పుస్తకమందున్న విద్యను పరహస్తమందున్న ధనముతో పోల్చి, అక్కఱకు రాదని చెప్పిన సుభాషితమును మేమును బాల్యమున వల్లించినవారమే. అట్టి సంప్రదాయమువారే యొక్క విద్యాలయమున ఆఱుగురు భాండారికులను పోషించి రన్నచో గ్రంథరక్షణ మెంత ముఖ్యమని తలచిరో తెలియుచున్నది. తాటియాకు గ్రంథము తనంత తాను నిలుచునది కాదు. దానికి తైలము పట్టింపవలయును, పురుగునుండి కాపాడవలయును, శిథిలమైనపుడు ప్రతి వ్రాయింపవలయును. అడిగినవానికి వెదకి యియ్యవలయును. అచ్చుపుస్తకము వచ్చినతోడనే మొదటి మూడు పనులు తేలికయైనవి. దానితో నాలుగవ పనికిని మనుష్యుడు అక్కఱలేదను భ్రమ లోకమున వ్యాపించినది.

ఈ భ్రమను మన దేశమున మొదట గుర్తించిన ప్రభువులలో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు ముఖ్యుడు. ఆయన 1906లో తన రాజ్యమంతట నిర్బంధ ప్రాథమిక విద్యను నెలకొల్పెను. బడి విడిచిన బాలునికి చదువుటకు పుస్తకము లేనిచో నేర్చిన యక్షరములు కొలదికాలముననే మఱపునకు వచ్చునని గ్రహించి, 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించెను. బోర్డెను గ్రామగ్రామమున పుస్తకశాలలు పెట్టించుటయే గాక, వానిని నడుపువారికి శిక్షణ తరగతిని గూడ నడపెను. బరోడా కేంద్ర గ్రంథాలయమున బాలురకు ప్రత్యేక విభాగ మేర్పడినది.

ఆంధ్రదేశమున నీ యుద్యమము ప్రజలచేతనే ప్రారంభమైనది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1915నుండి గ్రంథాలయ సర్వస్వమను పత్రికను నడపిరి. వారి పూనికతోనే 1919 నవంబరు 14వ తేదీన మదరాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగినది. దాని కధ్యక్షత వహించినది బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కరుగారే. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమునందలి పెదపాలెమునుండి కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపిరి. పాఠకుడు పుస్తకమును వెదకికొని వచ్చువఱకు వేచియుండక, పుస్తకమే పాఠకుని వెదకికొని పోయినది.

గణితోపాధ్యాయులై యుండి 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్రమునకు పంచసూత్రములను ప్రకటించిరి. గ్రంథములు దాచుటకు గాక వినియోగించుటకే యున్నవని వానిలో మొదటిదాని భావము. వారి కృషి ఫలితముగా 1948లో మదరాసు శాసనసభ గ్రంథాలయ చట్టమును చేసినది. 1960లో ఆంధ్రప్రదేశ చట్టము వచ్చినది. ఈ చట్టములు ఊరి గ్రంథాలయమునకు పన్ను నేర్పఱచినవి. పాఠశాలా గ్రంథాలయము మాత్రము విద్యాశాఖ చేతిలోనే మిగిలినది. 1952–53లో లక్ష్మణస్వామి ముదలియారుగారి యధ్యక్షతను గల మాధ్యమిక విద్యాసంఘము, పెక్కు పాఠశాలలలో పేరునకు తగిన గ్రంథాలయమే లేదనియు, ఉన్నచోట్ల పాతబడిన పుస్తకములు బాలుర యభిరుచితో సంబంధము లేక చేరియున్నవనియు, వానిని గుమాస్తాయో, ఆసక్తి లేని యుపాధ్యాయుడో చూచుచున్నాడనియు వ్రాసినది. నేటికిని పెక్కు పాఠశాలల స్థితి యిదియే.

ఉపాధ్యాయవృత్తియందు మూడు దశాబ్దములకు పైగా నున్న మేము ఈ స్థితికి గల కారణమును కన్నులార చూచితిమి. పుస్తకములు ఆస్తిపట్టికలో నెక్కును. సాలు చివర లెక్క చూచునపుడు ఒక్కటి తగ్గినను బాధ్యుడైన యుపాధ్యాయుడు వెల కట్టవలయును. తాళము వేసినవానికి నష్టము లేదు. తెఱచినవానికి దండన కలదు. ఇట్టి యేర్పాటున బీరువాలు మూతపడుటలో వింత యేమున్నది? మేము పనిచేసిన యొక పాఠశాలలో ఒక తెలుగు పండితుడు ఈ భయమును లక్ష్యపెట్టక, ప్రతి విద్యార్థికి ఒక పుట చొప్పున పుస్తకము కట్టి, వాడు చదివినదేమి, నడుమ విడిచినదేమి, తరువాత నియ్యవలసినదేమి అని వ్రాసియుంచెడివాడు. బొమ్మలకై చందమామ నడిగిన యొక కుమ్మరివారి బాలుడు రెండేండ్లలో కథలు దాటి చరిత్ర గ్రంథములను అడుగ మొదలిడెను. ఆ పండితుడు బదిలీయై పోగా తాళపుచెవి గుమాస్తాకు చేరినది. పుస్తకములన్నియు భద్రముగా నుండెను, అడుగువాడే లేకపోయెను.

కావున మన దాతలకు మా మనవి యిది. గ్రంథాలయమునకిచ్చు ద్రవ్యములో సగమును శాశ్వతనిధిగ నుంచి, దాని వడ్డితో గ్రంథపాలకునికి జీతమియ్యవలయును. ఏటేట పోవు కొలది పుస్తకములను అపరాధముగా నెంచక వ్యయములో వ్రాయవలయును. బీరువాలకు తాళములు తీసి, వారమునకొక గంట ప్రతి తరగతిని అచ్చటికి పంపవలయును. మన వసతిగృహములలోని పుస్తకములు ఇరుగుపొరుగు బాలబాలికలకును, కులభేదము లేక, లభింపవలయును. దాత పేరు బీరువాపై చెక్కించుటకు మేము విముఖులము కాము. ఆ బీరువాను తెఱచువాని జీతపు పద్దుపై గూడ నా పేరుండిన నింకను శోభించును. నాగాయి పెద్దలు ఆఱుగురిని పోషించిరి. మనము ప్రతి వసతిగృహమున నొక్కరిని పోషింపజాలమా? సభవారు యోచింతురు గాక.