కల్లు ముంతలో చేదు ఎక్కడిది?

మంచి కల్లుకు తీపి ఉంటుంది, పులుపు ఉంటుంది. గొంతు పట్టే చేదు ఉండదు. పాతబస్తీలో సేంధి అని పిలిచే ఈ పానీయాన్ని నేను రుచి కోసం కాదు, దాన్ని తాగి ఆసుపత్రికి వచ్చిన రోగుల కోసం తెలుసుకున్నాను.

బీరు సంగతి వేరు. దానికి చేదే కాపలా. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, నీరు, హాప్స్ పూలు తప్ప మరేవీ కలపరాదని శాసించారు. హాప్స్ పూల చేదు కొన్ని రకాల సూక్ష్మజీవులను అణచివేస్తుంది. అందువల్ల బీరును వారాల తరబడి మాగబెట్టవచ్చు.

కల్లుకు అటువంటి కాపలా లేదు. గీసిన తాటి, ఈత చెట్ల నుండి కారే తియ్యని రసం లొట్టిలో పడుతూనే పులియడం మొదలవుతుంది. కొన్ని గంటల్లోనే చక్కెర ఆల్కహాలుగా మారుతుంది. ఆ తర్వాత పులుపు ముదిరి వెనిగర్ వైపు సాగుతుంది. ఆల్కహాలు వెనిగర్‌గా మారడానికి సూక్ష్మజీవులే కారణమని 1860లలో లూయీ పాశ్చర్ వివరించాడు. లొట్టి లోపల సున్నం పూయడం ఈ పులియడాన్ని ఆపే పాత ఉపాయం. అలా దించినదే నీరా.

అంటే కల్లు ఆయుష్షు ఒక పూట. చెట్టు కింద తాగేవారికి ఇది ఇబ్బంది కాదు. నగరానికి మాత్రం చిక్కే. నిజాం రాజ్యానికి అబ్కారీ ప్రధాన ఆదాయాలలో ఒకటి. కల్లు అమ్మే హక్కును గుత్తకు ఇచ్చేవారు. నగరం పెరిగింది, చెట్లు దూరమయ్యాయి, గిరాకీ తగ్గలేదు. నీళ్ళు కలిపిన పల్చని కల్లుకు మత్తు తెప్పించడానికి మందులు వచ్చి చేరాయి. 1832లో లీబిగ్ తయారుచేసిన క్లోరల్ హైడ్రేట్‌ను 1869 నుండి వైద్యులు నిద్రమందుగా వాడారు. అదే మన ముంతలోకి దిగింది. దాని వెంట డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వచ్చాయి. వాటి చేదు తెలియకుండా శాకరిన్ కలిపారు. బీరులో చేదు పానీయాన్ని కాపాడింది. ఇక్కడ దాచిన చేదు తాగేవాడిని దెబ్బతీసింది.

హైదరాబాదులో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది.

నా అనుభవంలో దుకాణం మూతపడిన రోజులూ ప్రమాదకరమైనవే. ఏళ్ళ తరబడి ఈ మందులకు అలవాటు పడిన శరీరానికి అవి హఠాత్తుగా అందకపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, మూర్ఛలు వస్తాయి. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించి, ఆలస్యంగా తీసుకువచ్చిన కుటుంబాలను చూశాను. అది దయ్యం కాదు, మందు మానిన లక్షణం. అటువంటి వారిని దండించకండి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మందును మోతాదు తగ్గిస్తూ వైద్యుడే మాన్పించాలి. రోజూ ఏం తాగేవారో దాచకుండా చెప్పండి. చికిత్స అక్కడినుండే మొదలవుతుంది.

స్వచ్ఛమైన కల్లు కూడా ఆల్కహాలేనని మరువవద్దు. కాలేయానికి చెట్టు తేడా తెలియదు.